పసుపు రంగు మందు

నాకు కుదురు తక్కువ. బస్సు రాకముందే రోడ్డు మధ్యకు వచ్చి నిలబడే రకం. తొంభైల మొదట్లో, బాపు కళ్ల విషయంలో ఆ తొందరే మమ్మల్ని ముంచింది.

అమ్మానాన్నలను నేను అవ్వా, బాపూ అనేవాణ్ని. బాపు చొప్పదండి దగ్గర మా ఊళ్లో మరమగ్గం నడిపేవాడు. షుగరు పట్టిన పదేళ్లకు, తెగిన పోగు కనిపించడం లేదన్నాడు. కరీంనగర్‌లో మా పాత డాక్టరు దగ్గర చేతిలో పట్టుకునే చిన్న లైటు పరికరం ఉండేది. చీకటి గదిలో బాపు ముఖానికి ముఖం ఆనించి, కంటి వెనక రక్తనాళాలు చూసి, చీటీ మీద గుండ్రంగా గీసి, రక్తం కారిన చోట ఎర్ర పెన్సిల్‌తో రెండు చుక్కలు పెట్టేవాడు. ఎప్పుడు వెళ్లినా అవే రెండు చుక్కలు. బాపుకు ఆయనంటే గురి. నాకు మాత్రం ఒళ్లు మండేది.

అప్పట్లో నేను నిర్మల్ దగ్గర బడిలో పంతులును. కంటి నాళాలను ఫొటో తీసే కెమెరా కరీంనగర్‌లోనే ఇంకో ఆసుపత్రికి వచ్చిందని విని, సెలవు పెట్టి బాపును లాక్కెళ్లాను.

"కాలు గాలిన పిల్లి లెక్క తిరుగకు, జర కూసో," అన్నాడు బాపు, గడ్డం స్టాండు మీద ఆనించబోతూ.

చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి, టపటపా ఫొటోలు తీశారు. మధ్యాహ్నానికి కడిగి ఇచ్చారు. నలుపు తెలుపుల్లో ప్రతి నాళమూ విడిగా కనిపిస్తోంది, అక్కడక్కడ తెల్లగా కారుతోంది. రెండు చుక్కలు కాదు, కన్నంతా అదే. పాత డాక్టరు అబద్ధమాడలేదు, ఆయన లైటుకు అంతే అందింది.

బాపు ఫొటోను కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గీ సన్నపోగులకు పురి లేదు బిడ్డ. ఊకెనే తెగుతయ్."

అక్కడి డాక్టరూ అదే అన్నాడు. కుడి కంట్లో కొత్తగా మొలిచిన నాళాలు ఎప్పుడైనా తెగొచ్చు, సోమవారం లేజరుకు తప్పకుండా రావాలి.

బాపు ముందు నడుస్తున్నాడు. ఫొటోలు తీసినాయన నన్ను ఆపాడు. "సార్, ఒళ్లు, మూత్రం పచ్చగైతయ్. ఒకట్రెండు రోజుల్ల పోతది. ఇంట్ల చెప్పుండ్రి."

తలూపాను. మనసంతా నిర్మల్ బస్సు మీదే ఉంది. బాపును చొప్పదండి బస్సెక్కించి, సోమవారం అవ్వను తోడు తీసుకుని రమ్మని మూడుసార్లు చెప్పి, పరుగెత్తాను. ఆ పసుపు సంగతి నోట్లోనే ఉండిపోయింది.

సోమవారం దాటాక, శనివారం ఇంటికి వెళ్లాను. బాపు గోడకు ఒరిగి చప్పిడి అన్నం తింటున్నాడు.

"దవఖాన్లకెళ్లి వచ్చినంక పచ్చకామెర్లయినయ్," అంది అవ్వ. "కండ్లు, ఒళ్లు పసుపు ముద్దే. పసరు పోయించిన. తొమ్మిది రోజులు పత్తెం, పొలిమేర దాటొద్దన్నడు పసరు పోసెటాయిన."

"మరి సోమారం పోలేదా?"

"పత్తెంల ఎట్ల తీస్కపోవాలె?"

బాపు కుడి కన్ను తుడుచుకున్నాడు. "నిన్నటి సంది గీ కంట్ల బొగ్గునీళ్లు పోసినట్టున్నది. పత్తెం అయినంక చూపియ్యచ్చని ఊకున్న."

ఆ కంటికి చూపు మళ్లీ రాలేదు. రెండోదాన్ని లేజరు కాపాడింది. దానితోనే బాపు ఇంకొన్నేళ్లు మగ్గం నడిపాడు.

అవ్వ మాత్రం పోయేదాకా వాడకట్టులో అందరికీ ఒకటే చెప్పుకునేది. "కామెర్లు కన్ను దీస్కపోయినయ్. నేను ఒక్క దినం ముందుగాల పసరు పోయిస్తే దక్కుతుండె."

నేను పక్కనే కూర్చుని వినేవాణ్ని. ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.