పండుగ పూట తోటలో ఉన్న మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు కార్డు మీద వచ్చింది. మా నాన్నకు రాయడం రాదు కాబట్టి ఆగిరిపల్లిలో ఎవరిచేతనో రాయించి వేయించాడు. అత్త సోమవారం తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించిందనీ, ఆ సాయంత్రమే భూస్థాపన జరిగిందనీ అందులో ఉంది. ఆ కింద, "బడి మానుకుని పరుగెత్తుకు రావద్దు, అత్త ఊరుకోదు" అని ఇంకో ముక్క ఉంది. అది అచ్చంగా నాన్న మాటే. చనిపోయిన మనిషి ఊరుకోదని రాయమంటే రాసినాయనకు వింతగా తోచి ఉంటుంది. నాకు తోచలేదు.

ఉంగుటూరు బడిలో రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా ఆ కార్డు నా చేతికొచ్చింది. చదివి, హాజరు పుస్తకంలో పెట్టుకుని, పన్నెండో ఎక్కం చివరిదాకా చెప్పించాను. శనివారం బడి వదిలాక బయల్దేరి వెళ్ళి, తడి ఇంకా ఆరని ఆ మట్టిదిబ్బ పక్కన కూర్చున్నాక ఏడ్చాను. ఏడ్చి లేచేటప్పటికి నాలో మిగిలింది దుఃఖం కన్నా గర్వమే ఎక్కువ. అది ఎందుకో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. పిల్లలు లేరు. మావయ్య ఆగిరిపల్లి అవతల ఒక చిన్నరసాల మామిడితోటకు కావలి ఉండేవాడు. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. మరుసటి ఏడు పిందె పడే వేళకు తోట ఆసామి వేరే మనిషి కోసం వెతుకుతున్నాడని తెలిసి, అత్త తానే ఆయన ఇంటికి వెళ్ళి నిలబడింది.

"ఒక్కదానివి, ఆడమనిషివి. నీవల్ల ఏమవుతుందమ్మా?" అన్నాడట ఆయన.

"ఈ ఒక్క కాపు చూడండి బాబూ. చిలకలు కొట్టిన కాయలు మీకు ఎక్కువనిపిస్తే నన్ను పంపించెయ్యండి."

ఆయన పంపించలేదు. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ ఆ తోట ఆమె చేతిలోనే ఉంది. చిలకల్ని తోలడానికి మావయ్య ఒడిసెలే నడుముకు చుట్టుకునేది. అందులో రాయి పెట్టి తల చుట్టూ తిప్పి వదిలితే, ఆమె అనుకున్న కొమ్మ పక్కనుంచే ఆ రాయి పోయేది తప్ప కాయకు తగిలేది కాదు. ఎండాకాలం లేత అంటుమొక్కలకు బావి నుంచి కడవలతో నీళ్ళు మోసి పాదుల్లో పోసేది. కాయ కోత రోజుల్లో తొడిమల నుంచి కారే సొన పడి ఆమె చేతులు, ముంజేతులు కాలిన మచ్చలతో నిండిపోయి ఉండేవి. చిన్నప్పుడు ఆ చేతులు చూసి నేను భయపడేదాన్ని.

మామిడితోట కాచేవాళ్ళకు ఒక చిక్కు ఉంది. పిందె కాయగా మారే రోజుల్లోనే పునరుత్థాన పండుగ వస్తుంది. తెల్లవారుజామునే మా వాళ్ళంతా కొవ్వొత్తులు పట్టుకుని, సున్నం వేసిన సమాధుల దగ్గరకు వెళ్ళి పాడతారు. చిలకలు తోట మీద పడేది కూడా సరిగ్గా ఆ వేళకే. తోట వదిలి వెళ్తే ఒక్క పొద్దులో ఒక వరస చెట్లు పాడైపోతాయి. అందుకని అత్త ఏ ఏడూ ఈస్టరు ఆరాధనకు వెళ్ళలేకపోయింది. మూడేళ్ళు చూసి, సంఘం వారు నియమం ప్రకారం ఆమెకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడం ఆపేశారు.

ఇదే నా చిన్నతనంలో మా ఇంటికి పెద్ద అవమానం. కాపు అయిపోయాక, వానాకాలంలో, ఆమె ప్రతి ఆదివారం గుడికి వచ్చేది. ప్రసంగం వినేది, అందరికన్నా గట్టిగా పాడేది. రొట్టె మీద కప్పిన గుడ్డ తీసే సమయానికి లేచి బయటకు వెళ్ళిపోవాలి. వెళ్ళి అరుగు మీద కూర్చుని, లోపల బల్ల దగ్గరకు వెళ్ళే తల్లుల పసిపిల్లల్ని ఒళ్ళో వేసుకునేది. "ఎవరో ఒకరు చూసుకోవాలిగా" అని నవ్వేది. ఆ నవ్వు చూసి మా నాన్న తల దించుకునేవాడు.

మా సంఘ పెద్ద ఆమెకు బావ వరస. ఎదురుపడితే ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మా, ఈసారి కూడా చిలకలే చేయించాయా పండగ ప్రార్థన?"

"చేయించాయి బావా. అవి నీకన్నా ముందే లేస్తాయి."

పైకి అలా అనేది కానీ, లోపల ఎంత కుమిలిపోయేదో నాకు తరువాత తెలిసింది. మావయ్య పోయాక, బల్ల దగ్గర మోకరించినప్పుడల్లా ఆయన పక్కనే మోకరించినట్టు ఉండేదట. అది ఆపేశాక ఆయన రెండోసారి పోయినట్టయిందని ఒకే ఒక్కసారి నాతో అంది.

నన్ను బడిలో వేసింది కూడా ఆమే. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ పలక పట్టలేదు. మూడో తరగతి అయ్యాక నాన్న చాలన్నాడు. హాస్టలుకు పంపాలని అత్త పట్టుబట్టింది.

"అంత చదివి ఇది ఏం చేస్తుందక్కా?"

"నాకు చదివి పెడుతుంది. మీ బావ కొన్న సువార్త పుస్తకం పెట్టెలో పడుంది. ఇన్నేళ్ళూ దాని దుమ్ము దులపడమే గానీ, లోపలేముందో నాకు తెలియద్దా?"

నాన్న నన్ను హాస్టల్లో చేర్చాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఈస్టరు సెలవులకు వచ్చి అత్త దగ్గర తోటలోనే ఉన్నాను. తెల్లవారుజామున ఊళ్ళో గంట వినబడింది. కొత్త పరికిణీ కట్టుకున్నాను గానీ ఆమెను వదిలి వెళ్ళలేక కావలి గుడిసె గుమ్మంలోనే నిలబడ్డాను. "నువ్వెళ్ళు. పోయి పాడి రా. మీ మావయ్య సమాధి దగ్గర నా పేరున కూడా ఒక కొవ్వొత్తి పెట్టు. తిరిగొచ్చి నాకు చదువు" అంది.

తిరిగొచ్చేటప్పటికి పొద్దెక్కుతోంది. ఆమె అంటుమొక్కలకు నీళ్ళు పోస్తోంది. నేను గట్టు మీద కూర్చుని, ఆదివారం చీకటితో మరియ ప్రభువు సమాధి దగ్గరకు రావడం దగ్గర మొదలుపెట్టాను. శిష్యులు లోపల చూస్తే తలగుడ్డ విడిగా చుట్టిపెట్టి ఉంది అన్న చోట ఆమె ఆపింది.

"గుడ్డ చుట్టిపెట్టాడా?"

"అవునత్తా."

"చూశావా. లేవగానే పక్క సర్దుకున్నాడు. కంగారు లేదు, ఆర్భాటం లేదు. పనికి లేచినట్టు లేచాడు."

ఎవరూ చూడని ఆ గుడిసెలో కూడా దుప్పటి మడవకుండా ఆమె బయటకు అడుగుపెట్టగా నేను ఏనాడూ చూడలేదు. ఇంకా చదివాను. మరియ ఏడుస్తూ వెనక్కి తిరిగి, అక్కడ నిలబడ్డ ఆయన్ని తోటమాలి అనుకుంది అన్న మాట వచ్చింది. కడవ దించిన చప్పుడైంది.

"ఎవరనుకుందీ?"

"తోటమాలి అనుకుంది."

"మళ్ళీ చదువు."

చదివాను.

"ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు."

చూపించాను. తడి చేతులు పుస్తకానికి తగలకుండా వెనక్కి పెట్టుకుని, తనకు రాని ఆ అక్షరాల వంక చాలాసేపు వంగి చూసింది. నాకు నా చదువు చూపించుకోవాలనిపించింది.

"అది పొరపాటు అత్తా. ఏడుపుతో కళ్ళు కనబడక అలా అనుకుందని మా టీచరమ్మ గారు చెప్పారు."

"మీ టీచరమ్మ ఎప్పుడన్నా తెల్లారకముందు తోటలోకి వచ్చిందా?"

"రాలేదు."

"అదీ సంగతి. ఆ వేళప్పుడు తోటలో ఎవరుంటారే? రాజులుంటారా? సంఘ పెద్దలుంటారా? ఇంకో సంగతి. ఆయన చేతులకి గాయాలున్నాయా?"

"ఉన్నాయి. మేకులవి."

"మరి? గాయాల చేతులు చూసి ఆ పిల్ల ఇంకెవరనుకుంటుంది?"

అని తన రెండు చేతులూ నా ముందు చాపింది. నేను చిన్నప్పుడు భయపడ్డ చేతులు. ఆ రోజు మొదటిసారి వాటిని పట్టుకుని చూశాను.

టెంక మట్టిలో పడి మొలిచినట్టే పునరుత్థానం కూడా అని మాకు హాస్టల్లో నేర్పిన పోలిక కూడా చెప్పాను. ఆమెకు నచ్చలేదు.

"టెంక మొలవడం నేనెరిగిన పనే. నీళ్ళు పోస్తే మొలుస్తుంది. మీ మావయ్య మీద ఎన్ని కడవలు పోసినా లేస్తాడా? ప్రభువు పిలిస్తే లేస్తాడు. ఈ రెండూ ఒకటని ఎవరికీ చెప్పకు. ఆవిణ్ణి ఏమని పిలిచాడు ఆయన?"

"పేరు పెట్టి పిలిచాడు. మరియా అని."

"మీ మావయ్యనీ అట్లాగే పిలుస్తాడు. కాకపోతే ఆయనకి కాస్త చెవుడు, రెండుసార్లు పిలవాలి" అని నవ్వి, కళ్ళు తుడుచుకుని, కడవ ఎత్తుకుంది.

నేను ఆ తరువాత టీచరు ట్రైనింగు చదివాను, పెద్దపెద్ద వాళ్ళ ప్రసంగాలు విన్నాను. చావు పెద్దదే కానీ పిలుపు దానికన్నా పెద్దదని ఇంత తేలికగా ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ ఏడు కోతలు ముగిశాక అయ్యగారు మా ఊరు వచ్చినప్పుడు సంఘం కూర్చుంది. ఆయన నాలుగైదు ఊళ్ళు చూసుకునే పాస్టరు, నెమ్మది మనిషి. అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నా చేతిలో మావయ్య పుస్తకం ఉంది.

"నా బల్ల సంగతి మాట్లాడాలండీ" అంది.

"మాట్లాడేదేముంది? పండక్కి రానివాళ్ళకి బల్ల లేదు. నియమం అందరికీ ఒకటే" అన్నాడు సంఘ పెద్ద.

అత్త ఆయన వైపు చూడలేదు. "అయ్యగారూ, మీరే చెప్పండి. లేచిన రోజు తెల్లారుజామున ప్రభువు ఎక్కడున్నాడండీ?"

"సమాధి దగ్గరమ్మా."

"ఆ సమాధి ఎక్కడుందండీ?"

అయ్యగారు నా చేతిలోని పుస్తకం వైపు చూశారు. "తోటలో ఉంది."

"నేనూ ఆ పూట తోటలోనే ఉన్నానండీ. ప్రతి ఏడూ ఉన్నాను."

సంఘ పెద్దే తేరుకుని, "అంటే ఏంటమ్మా, నువ్వూ ప్రభువూ ఒకటేనా ఇప్పుడు?" అన్నాడు.

"కాదు బావా. అంత మాట నేనంటానా? ఆయన్ని చూసి నాలాంటి మనిషనుకున్నారు, అంతే. కావాలంటే మా పిల్ల చదువుతుంది, విను."

అయ్యగారు చదవమన్నట్టు తల ఊపారు. అంతమంది మగవాళ్ళ ముందు ఒక్క మాట కూడా తప్పు పోకుండా చదివాను. మా నాన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన కూతురు చదవగా ఆయన వినడం అదే మొదలు. అయ్యగారు ఆ రోజు ఏమీ తేల్చలేదు. "ఆలోచించుకోనివ్వండి" అని మాత్రం అన్నారు. బయటకు వచ్చాక నేను ఏడ్చాను. "ఎందుకే? అడగవలసింది అడిగాం. ఇక ఆయన పని" అంది అత్త.

ఈ మధ్య ఆమెను మోసుకెళ్ళినప్పుడు, శవపెట్టెకు ముందు వైపు భుజం పట్టింది ఆ సంఘ పెద్దేనట. ముసలితనం వచ్చింది, వద్దన్నా వినలేదని నాన్న చెప్పాడు. దారిలో ఎవరికీ మార్చుకోనివ్వలేదట. మా అత్త గురించి నాకున్న గర్వంలో ఆయనకూ కొంత వాటా ఉందని నాకు అప్పుడు తెలిసింది.

సంఘం కూర్చున్న మరుసటి ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు, అయ్యగారు గుడిలో ఒక కబురు చదివారు. ఈస్టరు నాడు సమాధుల దగ్గర పాట అయ్యాక సంఘమంతా మామిడితోటకు నడవాలనీ, ప్రభువు బల్ల అక్కడే జరుగుతుందనీ, ఆసామి అనుమతి ఇచ్చాడనీ. అత్త గుడిలో లేదు. నాన్నే పరుగెత్తుకు వెళ్ళి చెప్పాడు. ఆమె నమ్మలేదు. "నాతో పరాచికాలాడకురా" అందట.

ఆ ఈస్టరు నాడు మసకచీకట్లో కొవ్వొత్తుల వరస పొలం గట్ల మీదుగా తోటలోకి వచ్చింది. అత్త తన నులకమంచం బయటకు తెచ్చి, ఉతికిన తెల్లపంచె పరిచి ఉంచింది. దాని మీదే రొట్టె, గిన్నె పెట్టారు. అందరం చెట్ల కింద మోకరించాం. ఎనిమిదేళ్ళ తరువాత ఆమె సంఘంతో కలిసి మోకరించింది. అయ్యగారు ఒక్కొక్కరికీ ఇస్తూ ఆమె ముందుకు వచ్చి, రొట్టె ముక్క తీశారు.

అదే క్షణంలో తూర్పు వరస మీద చిలకలు పడ్డాయి. గుంపంతా ఒక్కసారిగా అరిచాయి. ఆమె రొట్టె వంక చూసింది, చెట్ల వంక చూసింది.

"ఒక్క నిమిషం అయ్యగారూ" అని లేచింది.

సంఘ పెద్ద మోకాళ్ళ మీదే పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు. తూర్పు వైపు ఒడిసెల ఈల వినబడింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. కొమ్మల్లోంచి పచ్చటి గుంపు లేచి వెలుతురులోకి పోయింది. పసిపిల్లలతో సహా ఎవరూ కదలలేదు. అయ్యగారు రొట్టెను ఒక అరచేతిలో ఉంచుకుని, రాలే ఆకు పడకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి, ఆమె ఖాళీ చేసిన చోటు ముందే నిలబడి ఉన్నారు. అత్త చెట్ల వరసల మధ్య నుంచి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ, మామూలు నడకతో వస్తోంది.