ప్లగ్గు పెట్టని కంప్యూటర్‌లో మా బావ గొంతు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నా మూఢనమ్మకం వేరే. నాకు కంప్యూటర్ రిపేరు వచ్చని నమ్మేవాణ్ని. ఆ నమ్మకం చేసినంత నష్టం ఏ దెయ్యమూ చేసి ఉండదు కాబట్టి ముందు నా తెలివితక్కువతనం చెప్పి, మిగతాది తర్వాత చెబుతాను.

నందిగామలో నాకో చిన్న జిరాక్సు కొట్టు ఉంది. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్ టిక్కెట్లు. ఏ కంప్యూటర్ మొరాయించినా నా దగ్గర మందు ఒక్కటే, ఫార్మాట్ కొట్టడం. తలనొప్పికీ అదే, కాలినొప్పికీ అదే. అయినా మా చుట్టాలు నన్ను కంప్యూటర్ ఇంజినీరు అంటారు. నేనూ ఎప్పుడూ కాదనలేదు.

మా అక్కది జగ్గయ్యపేట. బావ పేరు సాంబయ్య. మైకు సాంబయ్య అంటేనే తెలుస్తుంది. ఆటోకి మైకు కట్టుకుని బట్టల షాపు తగ్గింపులు, కొత్త హోటళ్ల ప్రారంభాలు, పన్ను కట్టమనే హెచ్చరికలు వీధివీధీ చెప్పుకుంటూ పోతారు కదా, మా వైపు ఆ గొంతు చాలావరకూ ఆయనదే. ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని, ఫ్యాను ఆపేసి, నెత్తిన దుప్పటి కప్పుకుని రికార్డు చేసి ఆటోవాళ్లకు ఇచ్చేవాడు. పేట నుంచి నందిగామ దాకా ఆయన మొహం తెలియనివాళ్లు ఉండవచ్చు గానీ గొంతు తెలియనివాళ్లు తక్కువ.

నన్ను ఏడిపించడానికీ అదే గొంతు. గుమ్మంలో అడుగు పెడితే చాలు, "నందిగామ నుండి విచ్చేసిన బామ్మర్దిగారు సరిగ్గా భోజనాల వేళకే రావడం కేవలం యాదృచ్ఛికమని ప్రజలు గమనించగలరు" అని మొదలుపెట్టేవాడు.

అలాంటి మనిషి గుండెపోటుతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు.

మనిషి ఇంట్లో తిరుగుతున్నన్నాళ్లూ ఆయన మాట దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? అక్కది మామూలు బటన్ల ఫోను. ఆయన గొంతు మిగిలింది ఆ కంప్యూటర్‌లో ఒక్కచోటే. అదైనా ఊళ్లోవాళ్ల కోసం చెప్పిన ప్రకటనలే. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్క కంప్యూటర్ వేసుకుని ఒక చీరల షాపు ప్రకటన వినేది. "పేట ఆడపడుచులకు శుభవార్త. పట్టుచీరలపై కనీవినీ ఎరుగని తగ్గింపు. త్వరపడండి, ఈ అవకాశం కొద్దిరోజులు మాత్రమే." అది విని, కంప్యూటర్ ఆపేసి, కాసేపు నడుం వాల్చేది. ఏడాది పాటు అదే ఆమె ఓదార్పు.

సంవత్సరీకం అయ్యాక వచ్చిన దసరాకి అక్క నన్ను పిలిచింది. "మీ బావ ఏటా ఆయుధపూజ చేసేవాడు కదరా. ఈసారి నువ్వు చెయ్యి" అంది.

చేశాను. మైకులకు, యాంప్లిఫైయర్‌కు, సీపీయూకు పసుపు కుంకుమ పెట్టాను. కొబ్బరికాయ వాకిట్లో కొట్టుకొచ్చి పెడితే సరిపోయేది. నేను భక్తి ఎక్కువై సీపీయూ ముందే, కత్తి వెనక్కి తిప్పి కొట్టాను. అది బాగా నీళ్లున్న కాయ. సగం నీళ్లు గ్లాసులో పడ్డాయి, సగం సీపీయూ నెత్తిన గాలి కోసం ఉన్న చిల్లుల్లోకి పోయాయి. అక్క హారతి పళ్లెం తేవడానికి వెళ్లింది కదా, చూడలేదులే అనుకుని కండువాతో పైపైన తుడిచేశాను.

మర్నాడు కంప్యూటర్ తెరుచుకోలేదు.

"కరెంటు హెచ్చుతగ్గులు అక్కా, నేను బాగు చేసుకొస్తా" అన్నాను. సీపీయూను ఒళ్లో పెట్టుకుని బస్సులో నందిగామ తెచ్చాను. పవర్ సప్లై మార్చితే ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. కానీ విండోస్ తెరుచుకోలేదు. కిటికీలు మూసుకున్న ఇంట్లోకి వెళ్లే పద్ధతి వేరే ఉంది. హార్డ్ డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, ముందు అందులోవి కాపీ చేసుకోవాలి. అది పెద్ద పనేం కాదు. నాకు తెలియనిదీ కాదు.

ఆ రోజు ఏదో దరఖాస్తుకు ఆఖరి రోజు. కొట్టు నిండా జనం. ఒక చేత్తో ఎవరిదో ఆధార్ కార్డు స్కాన్ చేస్తూ రెండో చేత్తో, కాపీ సంగతి మరిచిపోయి, అలవాటైన మందే మొదలుపెట్టాను. అన్నీ చెరిగిపోతాయి, సరేనా అని తెర అడిగింది. మేం పొద్దుటినుంచి సాయంత్రం దాకా నొక్కేది ఆ 'సరే'నే. నొక్కేశాను. కొట్టు పెట్టుకున్నవాణ్ని కదా, కొట్టడం తప్ప ఏం రాదు. కాయ కొట్టాను, ఫార్మాట్ కొట్టాను. అక్క పొట్ట కొట్టాననే మాట మాత్రం కాస్త ఆలస్యంగా తట్టింది.

పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. అవీ వేశాను. ఫైళ్ల పేర్లు వచ్చాయి. చీరల షాపు, టిఫిన్ సెంటరు, నీటి పన్ను, అన్నీ బావ పెట్టిన పేర్లే. ఏది తెరిచినా చప్పుడు లేదు. పేర్లు వచ్చాయి గానీ ప్రాణం రాలేదు.

అక్కకు ఫోను చేసి, డిస్కు అంతకుముందే కాలిపోయి ఉందని చెప్పాను. "పోన్లేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంది. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు అన్నం సహించేది.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను. "బల్ల మీద ఖాళీ చూడలేకపోతున్నా. పనిచెయ్యకపోయినా పర్లేదు, ఆ పెట్టె తెచ్చి పెట్టరా." డిస్కు నా దగ్గరే ఉంచుకుని, ఖాళీ సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టాను. వైర్లు కూడా తగిలించలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ పెట్టెలో డిస్కు లేదు.

తర్వాత కార్తీకమాసంలో అక్క ఫోను చేసి, చాలా మామూలుగా, "మధ్యాహ్నం పూట మీ బావ వినపడుతున్నాడురా" అంది. దుఃఖం వల్ల అలా అనిపిస్తుందని నాకు తెలిసినంతలో చెప్పాను. ఆ దుఃఖం పెట్టినవాణ్ని నేనే కాబట్టి ఫోను త్వరగా పెట్టేశాను.

కొట్టుకు కాగితం రీములు కొనే పని ఉండి ఆ తర్వాత పేట వెళ్లినప్పుడు మెట్ల దగ్గర సువార్త టీచరు గారు కనిపించారు. అక్కావాళ్ల మేడ మీద అద్దెకుంటారు. పిల్లలకు ట్యూషన్లు చెబుతారు. చర్చికి తప్ప ఎక్కడికీ పోరు, అనవసరంగా ఒక మాట మాట్లాడరు.

"ఏమనుకోకండి. మీ బావగారి రికార్డింగు సౌండు కాస్త తగ్గించమని మీ అక్కగారికి చెబుతారా? ఆవిడతో అనలేక మీతో చెబుతున్నా. పిల్లలు ఎక్కాలు ఆపేసి చీరల సంగతి వింటున్నారు."

నా చేతిలో రీములు బరువెక్కాయి.

ఆ మధ్యాహ్నం అక్క అన్నం పెట్టింది. మజ్జిగలో ఉన్నాను. ముందుగదిలోంచి బావ గొంతు వచ్చింది. పేట ఆడపడుచులకు శుభవార్త.

చెయ్యి కడుక్కోకుండా ముందు వీధిలోకి పరిగెత్తాను. ఆటో లేదు. కూరగాయల బండి తప్ప వీధిలో ఏమీ లేదు. లోపలికి వచ్చి చూశాను. మానిటర్ నల్లగా ఉంది. సీపీయూకు పవర్ వైరు లేదు. స్పీకర్లు రేడియో పట్టుకుంటాయని విన్నాను గనక వాటి ప్లగ్గు వెతికాను. అది నేల మీద పడి ఉంది. ఆ సాకెట్లో అక్క ఫోను ఛార్జింగు పెట్టుకుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. అందులోంచి కాదు. చెవి స్పీకరుకు ఆనించాను. అందులోంచే.

పట్టుచీరలపై కనీవినీ ఎరుగని తగ్గింపు. త్వరపడండి, ఈ అవకాశం కొద్దిరోజులు మాత్రమే. అక్కడితో అయిపోవాలి. అవలేదు. చిన్న దగ్గు దగ్గి, నన్ను గుమ్మంలో పలకరించే ఆ గొంతుతోనే అన్నాడు.

"గమనిక. ఈ అవకాశం మా బామ్మర్దికి వర్తించదు."

తర్వాత చప్పుడు లేదు. నా చేతినుంచి మజ్జిగ మెతుకులు కీబోర్డు మీద రాలుతున్నాయి.

"ఆఖరున ఆ ముక్క రికార్డింగులో ఉండేదా అక్కా?" అని అడిగాను.

"ఏ ముక్క? ఏడాది విన్నాను, కొద్దిరోజులు మాత్రమే అనే దగ్గర అయిపోతుంది. ఇప్పుడూ అక్కడే అయిపోయింది కదా" అంది.

అక్కడే, బల్ల పక్కన నిలబడి మొత్తం చెప్పేశాను. కాయ సంగతి, ఫార్మాట్ సంగతి, కాలిపోయిందన్న అబద్ధం.

అక్క చెమ్మగా ఉన్న కీబోర్డు కొంగుతో తుడిచింది. "కొబ్బరి నీళ్లు పోవడం నేను చూశాలేరా. పొరపాటు అనుకున్నా. కాలిపోయిందన్నావు చూడు, అది మాత్రం పొరపాటు కాదు" అంది.

మర్నాటి నుంచి గొంతు ఆగిపోయింది.

ఈ సంగతి నాకు టీచరు గారి ద్వారా తెలిసింది. "ఈమధ్య వినపడట్లేదేంటండి? పిల్లలు అడుగుతున్నారు" అన్నారు. తర్వాత అక్క ఫోను చేసింది. "నువ్వు చెప్పకుండా ఉండాల్సిందిరా. అబద్ధమైనా ఆయన ఉన్నాడు" అంది.

నిజం చెబితే బరువు దిగుతుందంటారు. నాకు దిగింది, అదంతా వెళ్లి ఆమె నెత్తిన కూర్చుంది. ఒకే మనిషిని మా అక్క దగ్గర్నుంచి రెండుసార్లు చెరిపేశాను.

అప్పుడు ఆటోవాళ్ల వెంట పడ్డాను. పేటలో, నందిగామలో, కంచికచర్లలో, మైకు కట్టిన ప్రతి ఆటోనీ ఆపాను. అందరిదీ ఒకటే మాట. కొత్తది ఎక్కించాలంటే పాతది తుడిచెయ్యాలి, మెమరీ కార్డులో చోటెక్కడుంటుంది. చివరికి ముక్త్యాలలో నాగుల్ మీరా అనే ఆయన దొరికాడు. ఇదివరకు మైకు ఆటో తోలేవాడు, ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర మనుషుల్ని దింపుతున్నాడు.

"ఒకటుందన్నా. సాంబయ్యన్న గొంతు తుడవబుద్ధి కాలా. కానీ అది పనికొచ్చేది కాదు. పొరపాటున ఇచ్చానురా, ఎవరికీ వినిపించకుండా తీసెయ్ అని ఒట్టేయించుకున్నాడు. నేనేమో ఒట్టు మాత్రమే వేశా" అన్నాడు.

ఎందుకు ఒట్టేయించుకున్నాడో విన్నాక తెలిసింది. బావకు ఒక గొప్ప ఉండేది. మైకు ముందు కూర్చుంటే ఒక్కసారే చెబుతానని, తప్పు పోవడం తన వంశంలో లేదని. ఇది చెప్పుల షాపు ప్రకటన. "చెక్కుచెదరని చక్కని చెప్పులు" అనాలి. "చెక్కుచెదరని చక్కుని చెక్కులు" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టి "చెప్పుచెదరని" అన్నాడు. తిట్టుకున్నాడు. దగ్గాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ "చక్కుచెదరని" అన్నాడు. వెనక వంటగదిలోంచి మా అక్క గొంతు: "ఆ చెప్పులు తర్వాత చెబుదురుగానీ, అన్నం చల్లారిపోతోంది, రండి." బావ, "వస్తున్నానే, ఈ ముండా చెప్పులు నోట్లోంచి ఊడట్లేదు" అన్నాడు. ఇద్దరూ నవ్వడంతో అయిపోయింది.

డిస్కు లేని పెట్టె, ప్లగ్గు లేని స్పీకరు ఎలా మాట్లాడాయో నాకు ఇప్పటికీ తెలియదు. విన్నది అక్క ఒక్కతే అయితే దుఃఖం అనేవాణ్ని. నేనొక్కణ్నే అయితే తప్పు చేసినవాడి చెవులనేవాణ్ని. సువార్త టీచరు గారికి దుఃఖమూ లేదు, తప్పూ లేదు. తెలిసినవాళ్లను అడిగాను, నవ్వి ఊరుకున్నారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. వర్తించదన్న ఆ మాట నా ఒక్కడికే ఎందుకు వినపడిందో అసలే తెలియదు.

తెలిసిన పని ఒకటి చేశాను. కొత్త డిస్కు కొని, ఈసారి ముందు మూడు చోట్ల కాపీ దాచి, అక్క కంప్యూటర్ బాగుచేశాను. అది తెరుచుకోగానే ఆ పనికిరాని రికార్డింగే మోగేలా పెట్టాను. తప్పులు కత్తిరించలేదు. దగ్గు కూడా ఉంచాను. ఇక నుంచి మధ్యాహ్నం మధ్యాహ్నం, మేడ మీద ఎక్కాల పిల్లల దాకా వినపడేలా, మైకు సాంబయ్య నోరు తిరక్క తంటాలు పడాల్సిందే.

అక్క మీట నొక్కింది. చెక్కుచెదరని చక్కుని చెక్కులు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటగదిలోంచి తన గొంతు తనకే వినపడేసరికి కళ్లు తుడుచుకుంది. అయిపోయాక నా వైపు చూడకుండానే, "ఆయనుంటే నిన్ను చంపేసేవాడు" అంది.

తర్వాత, "కంప్యూటర్ ఆపేసి ఇంకోసారి వెయ్యరా" అంది.