డాబా మీద జొన్న కుండీలు

మా హైమక్క ముప్పై ఏళ్ళు జొన్న మీదే పనిచేసింది. జొన్న మొలకను చంపే మొవ్వు ఈగ సంగతి ఎవరికి తెలుసని అడిగితే, తెలిసినవాళ్ళు ముందు తన పేరే చెప్పేవారు. తను మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు కనుక నేను చెబుతున్నాను.

అది 1969. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉండి కాలేజీలు మూతపడ్డాయి. ప్రయోగశాలకు తాళం పడితే జొన్నకు అదను ఆగుతుందా? అక్క నలభై మట్టి కుండీలు కొని, అశోక్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి డాబా ఎక్కించింది. ఎనిమిది రకాల జొన్నలు, రకానికి ఐదు కుండీలు, కుండీకి పది మొలకలు. ఈగ ఆకు అడుగున గుడ్డు పెడుతుంది. పురుగు లోపలికి దిగి మొవ్వు కొరికేస్తే నడిమి ఆకు ఎండిపోతుంది. ఏ రకంలో ఎన్ని మొవ్వులు ఎండాయో లెక్కపెట్టి, ఈగను తట్టుకునే రకమేదో తేల్చాలి. అదీ అక్క పరిశోధన.

ఈగను రప్పించాలంటే ఎండుచేపల పొడి చల్లాలి. మాదేమో ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు. అక్క ముక్కుకు పమిట అడ్డం పెట్టుకుని చిక్కడపల్లి మార్కెట్లో ఎండుచేపలు కొనుక్కొచ్చింది. మూడో రోజుకు ఇంటాయన వీరరాఘవరావు గారు మెట్ల కింద నిలబడ్డారు.

"ఏమ్మా హైమవతీ, సైన్సంటే సరేనన్నాను గానీ, నా డాబా మీదికి బందరు రేవు తెస్తావనుకోలేదు!"

"వారం ఓర్చుకోండి బాబాయిగారూ. ఈగలు వచ్చేస్తాయి."

"అది ధైర్యం చెప్పడమా తల్లీ!"

పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. అక్కడ పనిచేసే మాసమ్మది పాలమూరు. తన గుడిసె వెనక వేసుకున్న జొన్న ఈగ పట్టి సగం పోయింది. అందుకే అక్క పని ఆమెకు వింతగా తోచలేదు. రోజూ పొద్దున్నే వచ్చి కుండీలకు నీళ్ళు పోసేది.

ఫెలోషిప్ మరో ఏడాది సాగాలంటే గైడు ధర్మారావు గారు ప్రయోగం చూసి సంతకం పెట్టాలి. ఆఖరి లెక్క ఆయన ముందే తీద్దామని అక్క నల్లకుంటలో వాళ్ళింటికి వెళ్ళి, మర్నాటికి రమ్మని పిలిచి వచ్చింది. తిరిగొచ్చేసరికి మాసమ్మ డాబా మీద కొంగు నడుముకు చెక్కుకుని నవ్వుతోంది.

"పెద్ద సారు వస్తున్నడంటివి గదక్కా. ఎండినయన్నీ పీకి పారేసిన. సందులు వడ్డకాడ పక్క కుండల మంచియి తెచ్చి నాటిన. కుండకు ఆరు, అన్నీ సమానం. జూడు, ఎట్ల కళకళలాడుతున్నయో!"

చేను చూడటానికి పెద్దమనిషి వస్తుంటే వాళ్ళ ఊళ్ళో చేసే మర్యాదే అది. అక్క మెట్టు మీద కూలబడింది.

"పాత లెక్కలున్నాయిగా అక్కా, వాటిని బట్టి ఆఖరిది వేసెయ్యి," అన్నాను.

"ఆ అంకె నమ్మి రేపు మాసమ్మే విత్తనం వేసుకుంటుందే రాజ్యం," అంది.

మర్నాడు ధర్మారావు గారు డాబా ఎక్కి, "బ్రహ్మాండంగా ఉన్నాయే!" అన్నారు.

"ప్రయోగం పాడైందండీ. ఎండిన మొక్కలే నాకు కావాలని మాసమ్మకు చెప్పలేదు. తప్పు నాదే."

ఆయన కాసేపు కుండీల వంక చూసి, "అయితే ఈసారి సంతకం పెట్టలేనమ్మా," అని దిగి వెళ్ళిపోయారు.

ఫెలోషిప్ ఆగిపోయింది. అక్క నారాయణగూడలో ఒక బడిలో పాఠాలు చెబుతూ, వానలు తగ్గాక అదే డాబా మీద మళ్ళీ విత్తింది. ఈసారి ముందు మాసమ్మను కూర్చోబెట్టి అంతా విప్పి చెప్పింది.

"అంటే సచ్చినయే నీకు ముద్దా? ముందుగాల జెప్పొద్దానక్కా!" అని మాసమ్మ నెత్తి కొట్టుకుంది. ఆనాటి నుంచి గుడ్డు కనబడిన ప్రతి మొక్కకూ దారం కట్టింది. నువ్వుగింజలో సగం కూడా ఉండదు ఆ గుడ్డు. అక్క భూతద్దంతో వెతికేది, మాసమ్మ ఉత్త కళ్ళతో పట్టేది.

ఆగిన ఫెలోషిప్ కోసం ఇంకోసారి ప్రయోగం చూడమని అక్క రాసిన ఉత్తరం అందుకుని ధర్మారావు గారు మళ్ళీ వచ్చారు. ఒక కుండీ తనే ఎంచుకుని, ఆకు తిప్పి, అక్క లెక్కలు రాసుకున్న పుస్తకంలో చూశారు.

"రెండు రాశావు. ఇక్కడ ఒక్క గుడ్డే ఉందే?"

అక్క నోరు తెరిచేలోగా మాసమ్మ అందుకుంది. "జర మల్ల జూడు సారూ. ఈనె ఎమ్మటి ఇంకోటున్నది."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని గొంతుక్కూర్చున్నారు. చాలాసేపు చూశారు.

"రెండే," అన్నారు చివరికి. మిగతా కుండీల వైపు వెళ్ళకుండా, సంతకానికి కలం అడిగారు.