దానియేలు కట్టిన ముడి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఏళ్ల తరబడి మోస్తున్న ఈ బరువు దించుకోవడానికి నాకు చర్చి ఉంది, భార్య ఉంది, మోకరించే అలవాటూ ఉంది. అయినా ఎక్కడా నోరు పెగల్లేదు. నేను మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్దని. కష్టంలో ఉన్నవాళ్ల తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించేవాణ్ణి. గొంతు బాగుంటుందని అందరూ అంటారు. నా గొంతు వింటే నాకే అసహ్యం.

దానియేలు నాకు తమ్ముడిలాంటివాడు. జెర్సీ సిటీలో ఒకే బిల్డింగ్‌లో ఉండేవాళ్లం, పొద్దున్నే ఒకే రైలెక్కి మన్‌హాటన్ ఆఫీసులకు పోయేవాళ్లం. అతనికి ఉన్నట్టుండి పడవ పిచ్చి పట్టింది. ఉత్తరాన కాలువల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవ ఒకటి పాతది కొన్నాడు. లోపల పొయ్యి, మంచాలు అన్నీ ఉన్నాయి. దాన్ని కాలువ వెంట నడుపుకుంటూ హడ్సన్ నదిలోకి దింపి, ఇంటి దగ్గరికి తెచ్చుకోవాలని ఆశ. అతను, అతని భార్య కరుణ, నేను బయల్దేరాం. గోదావరి డెల్టాలో కాలువ గట్టున, లాకుల పక్కన పెరిగానని నేను కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. అందుకే నన్ను రమ్మన్నాడు. నిజానికి పడవ నడిపిన పాపాన పోలేదు నేను. గట్టు మీద కూర్చుని చూశాను, అంతే.

కాలువ మీద హాయిగా గడిచింది. మనిషి నడిచేంత వేగం. కరుణ పడవ ముందు భాగంలో కూర్చుని కీర్తనలు పాడుకునేది. కాలువలో ఇంజన్ ఆగినా భయం లేదు, కర్రతో నెట్టుకుంటే గట్టు చేరతాం. నది అలా కాదని దానియేలుకు తెలుసు. నదిలోకి దిగాల్సిన రోజు పొద్దున్నే లంగరు బయటికి తీసి, దాని తాడు రెండో కొసను పడవ ముందున్న ఇనుప కడియానికి కట్టాడు. లాగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు. ఏనుగును కడుతున్నావా అని ఎగతాళి చేశాను.

చివరి లాకులో, ముందూ వెనకా తలుపులు మూసి, నీళ్లు తీస్తున్నారు. పడవ గోడ వెంట కిందికి దిగుతోంది. గట్టు మీది గుంజకు చుట్టిన ముందు వైపు తాడు పట్టుకోవడం నా పని. పడవ దిగేకొద్దీ అది చాలలేదు. వెనక చుక్కాని దగ్గరున్న దానియేలును అడగొచ్చు. అడిగితే కాలువ గట్టున పెరిగినవాడి పరువేం కాను? లంగరు తాడు కొసను కడియం నుంచి విప్పి, దాన్ని ఈ తాడుకు జతచేసి పట్టుకున్నాను. పని జరిగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా హడ్సన్, చూపు ఆననంత నీరు. లంగరు తాడు విడదీసి చుట్టగా కింద పడేశాను. తిరిగి కట్టాలని నాకు గుర్తు లేదా? ఉంది. తర్వాత కడదాంలే అనుకున్నాను. మరిచిపోయానని చెప్పుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది, కానీ అది ఇంకో అబద్ధం.

వానలకు నది నిండుగా ఉంది. కొట్టుకొచ్చిన కొమ్మేదో అడుగున చిక్కుకుని ఇంజన్ ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగి వంతెన స్తంభం వైపు పోతోంది. దానియేలు ముందుకు పరిగెత్తుకొచ్చి లంగరు ఎత్తాడు. ‘ఆగు, కొస కట్టలేదు’ అనడానికి నాకు సమయం ఉంది. అనలేదు. ఎందుకు అనలేదు? ప్రాణం మీదికొచ్చిన ఆ క్షణంలో కూడా నా పరువే చూసుకున్నానా? అతను విసిరాడు. తాడు సరసరా జారి, కొసతో సహా నీళ్లలోకి పోయింది. స్తంభానికి గుద్దుకున్నాం. కరుణ దానికీ పడవకీ మధ్య పడింది. లైఫ్ జాకెట్ వేసుకునే ఉంది. ఇంతకు మించి రాయలేను.

ఒడ్డున దుప్పటి కప్పుకుని దానియేలు నన్నడిగాడు.

“అన్నయ్యా, ముడి టైట్‌గానే వేశాను కదా? మీరూ చూశారు కదా? ఎలా స్లిప్ అయింది?”

“తడి తాడు కదా తమ్ముడూ. ఊడిపోయుంటుందిలే. నిన్ను నువ్వు బ్లేమ్ చేసుకోకు.”

“అంటే నా ముడే.”

నేను తల వంచుకున్నాను. అవునన్నట్టే కదా అది?

భూస్థాపన అయ్యాక వచ్చిన ఆదివారం, సాక్ష్యాలు చెప్పే సమయంలో అతను లేచి నిలబడ్డాడు. నా అజాగ్రత్త వల్ల కరుణ పోయింది, దేవుడు నన్ను క్షమించాలని ప్రార్థించండి అన్నాడు. పెద్దను కాబట్టి అందరూ నా వైపు చూశారు. వెళ్లాను. అతని తల మీద చెయ్యి ఉంచాను. ఈ బిడ్డ పొరపాటును క్షమించు తండ్రీ అని, నా మంచి గొంతుతో ప్రార్థించాను. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

దానియేలు ఇప్పటికీ అదే చర్చికి వస్తాడు. చెప్పుల బదులు బూట్లు వేసుకొచ్చిన రోజు, ఆరాధన అయ్యాక లేసులు కట్టుకుని లాగి చూస్తాడు, విప్పి మళ్లీ కడతాడు. వాకిట్లో అందరూ అతని కోసం ఆగుతారు. నేను అటు చూడలేను. బయటికొచ్చాక నా దగ్గరికొచ్చి, నా కోసం ప్రేయర్ చెయ్యండన్నయ్యా అంటాడు. చేస్తున్నానంటాను.

అతనికి చెప్తానని మీకు మాట ఇవ్వలేను. నా పిరికితనం నాకు తెలుసు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అడగను కూడా. ఒక్క మాట ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసి ఉండాలి, అంతే. రాస్తుంటే ఇన్నాళ్లకు ఊపిరి ఆడుతోంది.

దానియేలు కట్టిన ముడి ఊడలేదు. నేను విప్పాను.