చెయ్యి పడని రేడియో

"దీని మీద ఇంతవరకు ఎవరి చెయ్యీ పడలేదు సార్. అరవై ఏళ్ల కింద ఎట్ల కొన్నరో అట్లనే ఉంది."

పాత వస్తువుల షోరూం నడిపే దివాకర్ ఈ మాట అంటున్నప్పుడు ఆ చెయ్యి గల మనిషి అతనికి నాలుగడుగుల దూరంలోనే ఉంది. షోరూం గాజు తలుపు పక్కన, చెప్పులు బయట విడిచి, రేడియోను చుట్టి తెచ్చిన పాత దుప్పటిని మడతపెట్టుకుంటోంది. కొనడానికి వచ్చిన పెద్దమనిషి పెట్టె మీద అరచెయ్యి వేసి, గుర్రం వీపు నిమిరినట్టు నిమిరి, "ఒరిజినల్ పాలిష్ అంటే ఇదీ!" అని కళ్లు మూసుకున్నాడు. ఆ ఒరిజినల్ పాలిష్ ఇబ్రహీంపట్నంలో సుక్కమ్మ ఇంటి అరుగు మీద ఆరి పట్టుమని పన్నెండు రోజులు కాలేదు.

"ఈమె ఎవరు?" అన్నాడాయన కళ్లు తెరిచాక.

"సామాన్ మోసుకొచ్చింది సార్" అన్నాడు దివాకర్.

సుక్కమ్మ దుప్పటి చంకన పెట్టుకుని బయటికి వచ్చేసింది.  దివాకర్‌కు పెట్టెలు బాగుచేసి ఇస్తూ, తన పేరు ఎక్కడా రాకుండా అప్పటికి నాలుగేళ్లు గడిపింది.

కొన్నేళ్లుగా హైదరాబాదు ఉబ్బిపోతోంది. ఇబ్రహీంపట్నం దాకా చేన్లలో ప్లాట్ల తెల్ల రాళ్లు మొలిచాయి. నిన్న మొన్న డబ్బు చూసినవాళ్లందరికీ విల్లాలు వచ్చాయి, విల్లాలో పెట్టుకోవడానికి కొంచెం పాతదనం కావలసి వచ్చింది. షోకైన తాతలను కొనుక్కోవడం కుదరదు కనుక వాళ్ల రేడియోలు కొనుక్కున్నారు. అవి పలుకుతాయా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. పైన గీత ఉండకూడదు, అంతే.

సుక్కమ్మ భర్త రాంచంద్ర ఒకప్పుడు రేడియో మెకానిక్కు. టీవీలు వచ్చి ఆ పని చచ్చిపోయాక షేర్ ఆటో పట్టి, ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీ నగర్‌కు తిప్పుతున్నాడు. ఎవరూ తీసుకుపోని రేడియో డబ్బాలు ఇంట్లో గుట్టగా మిగిలాయి. సుక్కమ్మ శేరిగూడ హాస్టళ్లకు మంచాలు చేసే కార్ఖానాలో పనిచేసేది. అక్కడ ఆడవాళ్ల పని గరుకు కాగితంతో చెక్క రుద్దడమే, పాలిష్ మగవాళ్ల సొత్తు. రుద్దుతూనే వాళ్ల చేతులు చూసి నేర్చుకుంది. ఇంటికొచ్చి ఆ డబ్బాల మీద సాధన చేసింది.

లోతైన దెబ్బ ఉంటే అట్లకాడ కాల్చి, లక్క పెచ్చులు కరిగించి అందులో నింపుతుంది. బ్లేడుతో సమం చేస్తుంది. పాత లుంగీ గుడ్డను ఉండచుట్టి, స్పిరిట్‌లో నానిన లక్కలో ముంచి చెక్క మీద సున్నాలు చుడుతుంది. చెయ్యి ఒక్కచోట ఆగిందంటే అక్కడ మచ్చే, కనుక మొదలుపెట్టాక ఇంటికి ఎవరొచ్చినా లేవదు. స్పీకర్ ముందుండే బట్ట చిరిగితే కొత్తది చాయ్ డికాషన్‌లో ముంచి పాతదాన్ని చేస్తుంది. మూలల్లో చేతులు తగిలి అరిగిన అరుగుదలను మాత్రం ముట్టుకోదు. కొత్తగా మెరిపించడం కార్ఖానాలో ఎవరైనా చేస్తారు. పాతదాన్ని పాతగానే ఉంచి బాగు చేయడం సుక్కమ్మకే తెలుసు.

ఈ యేడు ఆమెకు ఒక ఆశ పుట్టింది. చేతిపని చేసేవాళ్లకు సర్కారు గుర్తింపు కార్డు ఇస్తోందని, అది ఉంటే నగరంలో జరిగే మేళాలో సొంత పేరుతో దుకాణం పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. ఆఫీసుకు పోతే, పని చేయించుకున్నవాళ్లతో ఒక కాగితం రాయించుకు రమ్మన్నారు. షోరూంలో ఆ పెట్టె అమ్ముడైన మరుసటి వారం దివాకర్‌ను అడిగింది.

"జర రాసియ్యి సారూ. పెట్టెలు సుక్కమ్మ బాగుచేస్తదని. గంతే."

దివాకర్ నవ్వాడు. "నువ్వు బాగుచేసినవని రాస్తే, అవి ఖరాబైనయని నేను ఒప్పుకున్నట్టే గద! చెయ్యి పడ్డదంటే ఎవడు కొంటడమ్మా? నీకు కార్డెందుకు, పని నేనిస్తలేనా?"

ఇంటికొచ్చి చెబితే రాంచంద్ర కూడా నవ్వాడు. "నీ పేరు బోర్డు మీద ఎక్కాలె, అంతే గద? నా ఆటో మీద రాయిస్త తియ్యి."

"రాయించు. సుక్కమ్మ అంటే ఏ స్టాపని అడుగుతరు ప్యాసింజర్లు" అంది సుక్కమ్మ. నవ్వలేదు.

ఇంతలో ఆ షోరూం రేడియో దగ్గర ఒక విడ్డూరం బయటపడింది.

పాత రేడియోల ముందు అద్దం మీద దేశదేశాల ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, ముల్లు తిప్పితే ఆ స్టేషన్ వస్తుంది. ఆ పెట్టెలో లిస్బన్ అనే ఊరి పేరు సగం రాలిపోయింది. ఎల్, బి, ఎన్ మాత్రం మిగిలాయి. సుక్కమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. ముగ్గు చుక్కలు కలిపినట్టు అక్షరాలను చూసి గీస్తుంది, అదీ అద్దం వెనక నుంచి తిరగేసి. చూసి గీయడానికి అక్కడ మిగతా అక్షరాలు లేవు. తల ఎత్తితే ఎదురుగా వాకిట్లో భర్త ఆటో ఉంది. దాని నుదుటి మీద సరిగ్గా అవే మూడు అక్షరాలు, అదే వరుసలో, చివర ఇంకొన్ని అక్షరాల తోకతో సహా ఉన్నాయి. నిశ్చింతగా పూర్తి చేసింది. పారిస్‌కూ రోముకూ నడుమ ఎల్బీ నగర్ వెలిసింది.

కొన్న పెద్దమనిషి పది రోజుల పాటు వచ్చినవాళ్లందరికీ ఆ అద్దం చూపించాడు. వాళ్లందరూ వంగి చూసి, "వాహ్, యూరప్ అంతా ఉంది" అన్నారు. ఒక్కరూ చదవలేదు. చదివింది ఆయన భార్య యమున. అదే దారిలో ఉన్న తుర్కయాంజాల్‌లో పుట్టి, కాలేజీ రోజులన్నీ ఎల్బీ నగర్ ఆటోల్లో ఇరుక్కుని తిరిగిన మనిషి. నవ్వీ నవ్వీ కూలబడి, దివాకర్‌కు ఫోన్ చేసింది.

"ఆ రోజుల్ల అక్కడ స్టేషన్ ఉండెనేమో మేడం" అన్నాడు దివాకర్. అవును, అన్నాడు! ఆమె మళ్లీ నవ్వేసరికి, సామాను మోసే మనిషి ఏదో అల్లరి చేసిందన్నాడు. అయితే ఆ మనిషిని చూడాలంది యమున. అట్లా ఒక ఉదయం దివాకర్ కారు సుక్కమ్మ వాకిట్లో ఆగింది. వెనక సీట్లో రేడియో, ముందు సీట్లో యమున.

"ఏం పనే ఇది? నా ఇజ్జత్ తీసినవ్! గిది ఇప్పుడే తుడిచి లిస్బన్ అని రాయి" అని దివాకర్ పెట్టెను అరుగు మీద పెట్టాడు.

సుక్కమ్మ అద్దం చూసింది, ఆటో చూసింది. తప్పు అర్థమై మొహం ఎర్రబడింది. కానీ గుడ్డ అందుకోలేదు.

"దీని మీద ఎవరి చెయ్యి పడలేదంటివి గద సారూ. పడని చెయ్యితోటి ఎట్ల తుడువాలె?"

"మాటలు నేర్చినవా?"

"నువ్వే నేర్పితివి. నేను సామాన్ మోసేదాన్నంటివి. మోసుకొచ్చిన, పోయిన. రాసింది నేనే అని కాయితం మీద రాసియ్యి, తప్పు నాదే అని ఒప్పుకుంట. దండం పెట్టి మరీ దిద్దుత."

 తప్పు ఆమెదనాలంటే పని కూడా ఆమెదే అనాలి! చివరికి దివాకర్ తానే అద్దం ఊడదీసి, స్పిరిట్ సీసా లాక్కుని వెనక గుడ్డతో రుద్దాడు. ఎల్బీ నగర్ పోయింది, దానితోపాటు పారిస్, రోమ్ కూడా పోయాయి. సుక్కమ్మ కళ్లు మూసుకుంది. అది చూసి, అంతసేపూ నవ్వుతున్న యమునకు నవ్వు ఆగిపోయింది.

"ఈ పెట్టె మొత్తం నువ్వే చేసినవా అక్కా?"

"అవ్ అమ్మా. గా ఒక్క పేరు తప్ప అన్ని సక్కగనే చేసిన."

యమున బ్యాగులోంచి కాగితం తీసి అరుగు మీదనే రాసిచ్చింది. దివాకర్ ఆ రోజు నుంచి పని పంపడం మానేశాడు.

సుక్కమ్మ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోయింది. ఒక్కరు రాస్తే చాలదు, ముగ్గురు రాయాలన్నారు. పెట్టెలు మోసుకెళ్లిన విల్లాలు ఆమెకు గుర్తున్నాయి కనుక రాంచంద్ర ఆటోలో ఇల్లిల్లూ తిరిగింది. కొందరు గేటు దగ్గరే పంపేశారు. ఒకాయన మాత్రం కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, "నువ్వే చేసినవని తెలుస్తనే ఉందమ్మా, కానీ రాసిస్తే నా రేడియో ఒరిజినల్ కాకుండ పోతది గద" అన్నాడు. ఎంత మర్యాద! ఒక చెక్కపెట్టె గౌరవం కోసం ఒక మనిషి చేతులు అసలు లేవని అనడానికి వీళ్లకు రెండు నిమిషాలు పట్టలేదు.

కార్డు ఇంకా రాలేదు. ఇంకా రెండు కాగితాలు కావాలి.

అందుకే ఈ అడగడం. మీ ముందుగదిలో మెరుస్తున్న పాత రేడియో, గ్రామఫోను, ఏదైనా సరే, దాన్ని కొన్నచోటికి వెళ్లి "ఇది ఎవరు బాగుచేశారు?" అని అడగండి. ఎవరూ చేయలేదంటే నమ్మకండి, పేరు చెప్పేదాకా కదలకండి. పేరు తెలిశాక ఆ ఇంటికి వెళ్లి, ఈ పని ఈమెది అని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. మీ వస్తువు విలువ కొంత తగ్గితే తగ్గనివ్వండి. ఇబ్రహీంపట్నం వైపు కొన్నవాళ్లయితే ఈ వారమే వెళ్లండి, సుక్కమ్మ దరఖాస్తు గడువు దగ్గరపడింది.