దిగాక వాడే సీటు

మా చెల్లెలు సత్యప్రియ చివరిగా చేసిన మామూలు పని, కొడుకు మెడ మీదికి జరిగిన బెల్టును లాగి భుజం మీద సర్దడం. బిగువు సరిపోయిందో లేదో తెలియడానికి బెల్టు కింద రెండు వేళ్ళు దూర్చి చూసుకుంది.

"నొక్కుతోందమ్మా," అన్నాడు తేజ.

"నొక్కాలి. నొక్కకపోతే అది బెల్టు కాదు, పూలదండ."

కారులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అమలాపురం దాటాక టీ తాగడానికి ఆగాం. కారులో చోటు లేక మోటారు సైకిలు మీద వెనకే వస్తున్న నేను అప్పుడు ఆ కిటికీ పక్కనే నిలబడి ఉన్నాను. గ్లాసు తిరిగిచ్చి బండి స్టార్టు చేసేసరికి కారు ముందుకి వెళ్ళిపోయింది. తన నోట నేను విన్న ఆఖరి మాట ఆ పూలదండే.

ప్రియ చిన్నప్పుడు సైకిలు కూడా సరిగ్గా తొక్కేది కాదు. రాజోలు పక్కన మా ఊరి కాలవగట్టు మీద రెండుసార్లు పడి, మళ్ళీ దాని జోలికి పోలేదు. అలాంటిది పెళ్ళయి, భర్త నాగసతీష్‌తో మస్కట్ వెళ్ళాక కారు నేర్చుకుంది. అక్కడ లైసెన్సు కావాలంటే ముందు ఇనుప డ్రమ్ముల మధ్య నుంచి కారును వెనక్కి నడిపి చూపించాలట. డ్రమ్ముకి తగిలిస్తే ఇంటికి పంపేస్తారు. తను రెండుసార్లు తగిలించింది. మూడోసారి వెళ్ళే ముందు వంటింటి నేల మీద పప్పు డబ్బాలు పేర్చి, తేజ బొమ్మకారును వాటి మధ్య నుంచి వెనక్కి నడుపుతూ కూర్చుందని ఫోన్లో చెప్పింది. "కందిపప్పు డబ్బా ఒక్కటే అన్నయ్యా, ఎలా తిప్పినా అడ్డొచ్చేసేది," అని తనే పడీ పడీ నవ్వింది.

లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచి తేజను తనే స్కూల్లో దింపేది. ఒకరోజు స్కూలు గేటు దగ్గర ముందు కారు గట్టిగా బ్రేకు వేస్తే, తల్లి ఒళ్ళో కూర్చున్న చిన్నపిల్ల వెళ్ళి అద్దానికి కొట్టుకోవడం చూసింది. ఆ పిల్లకి ముందు పళ్ళు ఊడాయి, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ ఆ సంగతి చెప్పేటప్పుడు ప్రియ గొంతులో నవ్వు లేదు. ఆ తరవాత తేజ బూస్టర్ సీటు లేకుండా ఏ కారూ ఎక్కలేదు.

బూస్టర్ సీటంటే పెద్ద విశేషమేమీ కాదు. వీపు లేని గట్టి ప్లాస్టిక్ పీట, పైన మెత్తటి గుడ్డ. పెద్దవాళ్ళ కోసం చేసిన బెల్టు చిన్నపిల్లల మెడకి తగులుతుంది. పీట ఎత్తుకి కూర్చుంటే భుజం మీదికి వస్తుంది. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతిని నా చెల్లెలు మా వాళ్ళకి ఒక వేసవంతా చెప్పింది.

ఆ వేసవి సెలవులకి సతీష్‌కి సెలవు దొరకలేదు. తల్లీకొడుకులిద్దరే బయల్దేరారు. మస్కట్ నుంచి హైదరాబాదు, అక్కడ విమానం మారి రాజమండ్రి. విమానంలో ఆ సీటు పనికిరాదు. అక్కడ నడుముకి కట్టే బెల్టే తప్ప భుజం మీదికొచ్చే బెల్టు ఉండదు. విడిగా ఇస్తే డబ్బు తీసుకోకుండా సామానుతో వేస్తామని కౌంటర్లో అన్నారట. హైదరాబాదులో ఎక్కడో ఉండిపోతే దిగాక పిల్లాడికి ఏదీ అని తను ఒప్పుకోలేదు. పెద్ద సూట్‌కేసులోనే బట్టల మధ్య పెట్టుకుంది. అది సగం పెట్టెను ఆక్రమించింది. ఆ సగంలో రావాల్సిన సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, లోవమ్మత్త అడిగిన పెద్ద దుప్పటి మస్కట్‌లోనే ఉండిపోయాయి.

గల్ఫ్ నుంచి మనిషి వస్తుంటే ఎదురెళ్ళడం మా వైపు ఓ పండగ. ఒక కారు మాట్లాడతారు. అందులో పట్టేవాళ్ళు కాదు, వెళ్ళాలని ముచ్చటపడ్డ వాళ్ళందరూ ఎక్కుతారు. రాజమండ్రి విమానాశ్రయానికి అలాగే వెళ్ళాం. అమ్మ, నేను, అమ్మ తమ్ముడు అబ్బులు మావయ్య, ఆయన భార్య లోవమ్మత్త, వాళ్ళమ్మాయి యామిని, వీధిలో వాళ్ళు ఇద్దరు. కారు అంజిబాబుది. నడిపేదీ అతనే.

ప్రియ బయటికి వచ్చింది, అమ్మను వాటేసుకుంది, పార్కింగులో నేల మీదే సూట్‌కేసు పడుకోబెట్టి తెరిచింది.

"ఇక్కడే పంచేత్తావేంటే?" అన్నాడు మావయ్య, ఆశగా వంగి చూస్తూ. "ఇంటికెళ్ళేక చూద్దారిలే."

ప్రియ చీరలు తీసి అమ్మ చేతుల్లో పెట్టి, నల్లటి పీట ఒకటి బయటికి లాగింది.

"ఏంటదీ?"

"తేజ సీటు మావయ్యా."

"ఇమానంలో కూకోడానికా?"

"కాదు. దిగేక వాడ్డానికి. కార్లో."

మావయ్య అత్త వైపు తిరిగాడు. "ఇన్నావా? మస్కట్టు నుంచి కొబ్బరికోరు పీట మోసుకొచ్చింది నీ మేనకోడలు."

అసలు గొడవ అప్పుడు మొదలైంది. అంజిబాబు సీట్లకి ఎర్రగా మెరిసే కొత్త కవర్లు వేయించాడు. బెల్టులు పక్కన వేలాడుతున్నాయి గానీ, వాటిని గుచ్చే క్లిప్పులు లేవు. కవర్ల కింద పడేసి కుట్టేశారు.

"ఎనకాల బెల్టు ఎవరెట్టుకుంటారండీ? పోలీసోళ్ళు కూడా అడగరండి ఆయ్," అన్నాడు అంజిబాబు.

ముందు సీటు క్లిప్పులోనైతే ఉత్త ఇనుప ముక్క గుచ్చి ఉంది, బెల్టు పెట్టుకోకపోయినా కారు కూత పెట్టకుండా. అలాంటి ముక్కలు చేసేవాళ్ళున్నారు. అమ్మేవాళ్ళున్నారు. మా వాళ్ళ లాంటి కొనేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు.

ప్రియ వంగి కవరు సందులో చెయ్యి పెట్టింది. గోరు విరిగింది. ఎడమ కిటికీ వైపు క్లిప్పు ఒక్కటి బయటికొచ్చింది. పీట వేసింది, తేజను కూర్చోబెట్టింది, బెల్టు గుచ్చింది. వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ చూసి, "అందరం పట్టం," అంది.

"పట్టకేంటే? ఆణ్ణి ఒళ్ళో ఏసుకుంటే సుబ్బరంగా పడతాం. నువ్వు మాత్రం నా ఒళ్ళో పెరగలేదేంటి?"

"ఆయ్, మీ ఒళ్ళోనే మావయ్యా. అప్పుడు మీది సైకిలు."

అంజిబాబు నవ్వాడు. అమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అదీ తను చేసిన నేరం. మావయ్య మొహం మాడ్చుకుని కారెక్కకుండా బస్సుల వైపు నడిచాడు. ఆయన్ని ఒంటరిగా పంపలేక నేనూ వెనకే వెళ్ళాను. ఇద్దరం బస్సులో వచ్చాం. రావులపాలెం రాకముందే బస్సులో సగం మందికి కథ తెలిసిపోయింది.

"ఏవండీ కండక్టరు గారూ, మీరే చెప్పండి. మేనమావని బస్సెక్కించి పీటని కారెక్కించేరు. ఎక్కడన్నా ఉందాండీ?"

"పీటకి టిక్కెట్టు లేదు కదండీ, కలిసొచ్చింది," అన్నాడు కండక్టరు. మావయ్య రాజోలు దాకా మళ్ళీ నోరెత్తలేదు.

ఊళ్ళో మాత్రం ఎత్తాడు. తేజకి పీటబాబు అని పేరు పడింది. పెట్టెలో దుప్పటి రానందుకు అత్త ప్రియతో సరిగ్గా మాట్లాడటం మానేసింది. తను మాత్రం ఎక్కడికి కారెక్కినా పీట చంకన పెట్టుకునే వచ్చేది. సఖినేటిపల్లి వెళ్ళినా అంతే, అంతర్వేది వెళ్ళినా అంతే. ఒకసారి "నేను నడుపుతాను, తాళాలివ్వండి" అని అంజిబాబుని అడిగింది. "మేవంతా గాజులేసుకుని ఎనకాల కూకోవాలా?" అన్నాడు మావయ్య. డ్రమ్ములకి తగలకుండా కారును వెనక్కి నడిపిన మనిషికి మా రోడ్డు మీద స్టీరింగు దొరకలేదు.

యామినికి సంబంధాలు కుదరడం లేదు. మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తే కుదురుతుందని మా అందరి నమ్మకం. నాకూ నమ్మకమే. సెలవులు అయిపోతుండగా మావయ్య కల్యాణానికి రోజు ఖాయం చేసి, శుభమా అని వెళ్తూ తలో దారిన వెళ్ళకూడదు, అందరూ ఒకే బండిలో రావాలని పట్టుబట్టాడు. రెండో కారు మాట్లాడదామని అంటే, "విడివిడిగా ఎల్తే ఫలితం కూడా విడివిడిగానే ఉంటాది," అన్నాడు. ఆ మాట ఏ శాస్త్రంలో ఉందో నాకు ఇప్పటికీ తెలీదు. నా బండికి మాత్రం ఆయన అడ్డు చెప్పలేదు.

బయల్దేరే ముందు మావయ్య కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాల ఆ పీట ఇంట్లో ఎట్టెయ్యి. ఇంకో మనిషి కూకుంటాడు. దేవుడి పనికెళ్తన్నాం."

"దేవుడి పనికెళ్తే రోడ్డు మారుద్దా మావయ్యా?"

"ఒక్కరోజుకేనే తల్లీ," అని అమ్మ బతిమాలింది. "పెద్దోడు. మళ్ళీ ఏడు దాకా ఆడి మొహం చూడవు. గొడవలొద్దు."

ప్రియ చంకలోని పీట తీసి సీటు మీద వేసింది. "సీటు తియ్యను. నా చోటులో కూర్చోమనండి ఎవరినైనా. నేను సర్దుకుంటాను," అంది.

అలాగే కూర్చున్నారు. ఎడమ కిటికీ దగ్గర తేజ. అమ్మకీ వాడికీ మధ్య సీటు అంచు మీద ప్రియ, ముందు సీటు పట్టుకుని. తన చోటులో మావయ్య స్నేహితుడొకాయన, ఆ రోజు రాకపోయినా ఏ కల్యాణమూ ఆగిపోని మనిషి.

టీ కొట్టు దాటి ఎంతో దూరం పోలేదు. ముందు పోతున్న ట్రాక్టరును దాటబోయిన అంజిబాబు, ఎదురుగా బస్సును చూసి పక్కకి కోసి, రోడ్డు వారన ఆగిన కొబ్బరికాయల లారీని వెనక నుంచి గుద్దాడు. నేను వెళ్ళేసరికి కాయలు ఇంకా దొర్లుతున్నాయి. తలుపు తీసింది నేనే. తేజ పీట మీదే ఉన్నాడు. భుజం నుంచి నడుము దాకా బెల్టు వాత. ఇంకేమీ లేదు. మావయ్యకి చెయ్యి విరిగింది. అమ్మకి నుదురు చిట్లింది. ప్రియ ముందు సీట్ల మధ్య ఉంది. పిలిచాను. పలకలేదు.

పెద్దకర్మ నాడు మావయ్య కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. "వీరేశ్వరుడే అండీ, పిల్లోణ్ణి అరచేతిలో ఎట్టుకుని కాపాడేడు." అందరూ చేతులు జోడించారు. నాకు దేవుడి మీద కోపం లేదు. కానీ ఆ పిల్లాణ్ణి కాపాడింది ఎవరో నాకు తెలుసు. గోరు విరిగినా క్లిప్పు బయటికి లాగిన చెయ్యి అది. ఆ చెయ్యిని రెండు వారాల కిందట కాల్చి వచ్చాం. ఆ ఇంట్లో ఒక్కరి నోటంటా దాని ఊసు రాలేదు.

పీట ఊసైతే వచ్చింది, అదీ ఒక్క లోవమ్మత్త నోటంటే. "ఆ పీటే మింగేసింది దాన్ని. అదే లేకపోతే కుదురుగా ఎనక్కి కూకునేది."

"అది లేకపోతే ఇద్దరూ పోయేవారత్తా," అన్నాను.

"ఆయ్, నువ్వు చూసొచ్చేవేంటి?"

"చూశాను. తలుపు తీసింది నేనే కదా. కుదురుగా కూర్చోడానికి ప్రియకో చోటుండేది. ఆ చోటు ఎవరికిచ్చారో మావయ్యనడుగు."

వడ్డన మొదలైందని ఎవరో కేకేశారు. అందరూ ఎంతో తొందర పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయారు.

కబురు తెలిసి వచ్చిన సతీష్ ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలి. పిల్లాణ్ణి చూసుకునే ఏర్పాటు అయ్యేదాకా తేజ మా దగ్గర ఉండిపోయాడు. నేను ఆ సీటు గుడ్డలోని గాజు పెంకులు ఏరి, ఉతికి, ఎండబెట్టి మళ్ళీ తొడిగాను. అంజిబాబు ఇంకో కారు కొన్నప్పుడు, అన్ని క్లిప్పులూ పైకి తీయించాకే ఎక్కాను. ఎవరు ఏమన్నా సరే తేజ ఆ పీట మీదే కూర్చున్నాడు. అమలాపురం డాక్టరు దగ్గరికైనా, కొత్తపేటలో పెళ్ళికైనా. మా మావయ్య ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే బస్సెక్కుతున్నాడు. యామినికి సంబంధం కుదిరింది. ఆ పెళ్ళికి నేను వెళ్ళలేదు.

మొన్న సతీష్ వచ్చి తేజను తీసుకువెళ్ళాడు. నేనే విమానాశ్రయం దాకా దింపాను. దిగాక తేజ సీటు తీసి, దుప్పటిలో చుట్టి సతీష్ చేతికివ్వబోయాను.

"ఇది వద్దండి బావగారూ. అక్కడ కొత్తది కొనేనండి."

"కొత్తదెందుకండీ? దీనికేమయింది? ఒక్క గీత కూడా లేదు."

అతను తేజను సామాను బండి మీదికి ఎక్కించి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"గుద్దుకున్న కార్లో ఉన్న సీటు మళ్ళీ వాడకూడదండి. పైకి బీట కనపడదు గానీ లోపల దెబ్బతిని ఉండొచ్చంట. ఇంకోసారి ఆపుతుందని నమ్మకం లేదండి. ఇది కొన్న రోజే ప్రియ చెప్పింది నాతో. మీకూ తెలిసే ఉంటుందనుకున్నానండి."

తేజ ఆ ఉదయం కూడా రాజోలు నుంచి రాజమండ్రి దాకా దాని మీదే కూర్చుని వచ్చాడు.