ఎడమచేతి ఎరుపు

ఇవాళ పార్లర్‌లో అమ్మాయి "ఈ సీజన్‌కి ఇవే నడుస్తున్నాయండీ" అంటూ నా ముందు ఓ ముప్పై నెయిల్ పాలిష్ సీసాలు పెట్టింది. మన రోజుల్లో గోళ్లరంగంటే ఒకటే ఎరుపు, గుర్తుందా?

డెబ్బైల్లో పూర్ణా మార్కెట్ వెనక వీధిలో మా పక్కింటి జరీనా, నేను కలిసి ఒక సీసా కొన్నాం. కానీ తను వేసుకునేది కాదు. "నమాజుకి ముందు కడుక్కుంటే గోటికి నీళ్లు తగలాలే. నీకు పూసి నాను సూసుకుంటాను" అనేది. మా అమ్మేమో "అన్నం తినే సేతికి రంగేటే!" అని కసిరేది. అలా మా ఇద్దరికీ కలిపి నా ఎడమచెయ్యి ఒక్కటే మిగిలింది.

వాళ్ల నాన్న దుకాణం ఎత్తేసి ఊరు మారిన రోజు, జరీనా నా అయిదు గోళ్లకీ రెండేసి పూతలు వేసింది. "ఇది పోయేలోగా వొచ్చేత్తాను. నీళ్లలో పెట్టకే."

స్నానం చేస్తున్నా ఆ చెయ్యి పైకెత్తే ఉంచేదాన్ని. అయినా రంగు పెచ్చులూడింది, గోళ్లు పెరిగాయి. ఆఖరికి బొటనవేలి చివర మిగిలిన ఎర్రగీతని కూడా అమ్మ బ్లేడుతో కోసేసింది.

"కుడిచెయ్యి కూడా ఇవ్వండి మేడమ్" అంది పార్లర్ అమ్మాయి.

"వద్దమ్మా. ఎడమచేతికి చాలు. ఎరుపే వెయ్యి, రెండు పూతలు."